పవిత్ర తైలం, నీటి గొట్టం

(యుద్ధనౌకల మీద గురువులు: 7వ భాగం)

గత వారం పెర్ల్ హార్బర్ దగ్గర ఆగాం. 1941 డిసెంబరు 7 ఉదయం ఒక్లహోమా యుద్ధనౌక బోర్లా తిరగబడుతుంటే, ఫాదర్ అలోయిసియస్ ష్మిట్ గుండ్రటి చిన్న కిటికీలోంచి పన్నెండు మందిని బయటికి నెట్టి తాను లోపలే ఉండిపోయారు. ఆ ఓడలో పోయిన 429 మందిలో ఆయనొకరు. ఆ భాగం అచ్చయిన రెండో రోజు, రాజపాళయంలో మా వీధి మొగలో ఒక పెద్దాయన నన్ను నిలబెట్టి అడిగారు.

"ఏమప్పా, నువ్వు రాసింది చదివాను. కళ్లు తడిశాయి, నిజమే. కానీ ఒకటి అర్థం కాలేదు. సామియారు తుపాకి పట్టడు, ఫిరంగి పేల్చడు. అట్లాంటి మనిషికి యుద్ధం ఓడలో ఏం పని?"

మంచి ప్రశ్న. అక్కడికక్కడ నాకు తోచిన జవాబు నాకే చాలలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఒక మనిషి బతుకులో ఒక పగలు గుర్తుకొచ్చింది. పెద్దాయనకు ఈ వారం ఆ పగటి కథే జవాబు.

మా ఊరికి సముద్రంతో చుట్టరికం లేదు. ఒక పక్క సంజీవి కొండ, పడమర కనుమలు, నడుమ పత్తి, మామిడి తోటలు, మిల్లుల సైరన్లు. విజయనగర రాజుల కాలంలో కత్తి పట్టుకుని దక్షిణానికి దిగినవాళ్ల వారసులం మేము. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. యుద్ధమంటే మా ఊహలో గుర్రం, కోట, ఈటె. ఓడ మీద యుద్ధం మాకు కథల్లో కూడా లేదు.

కానీ మన తెలుగు తీరానికి దాని రుచి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మూడు రోజుల తర్వాత సింహళం తూర్పు తీరంలో, బట్టికలోవా దగ్గర, హెర్మిస్ అనే బ్రిటిష్ విమాన వాహక నౌకను జపాన్ విమానాలు ముంచేశాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కి లోపలి ఊళ్లకు పోయారు. కంటికి కనబడని దూరంలో, నడిసముద్రంలో నిలిచిన ఓడ ఒకటి మన ఇంటి కప్పు కూల్చగలదని మనవాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది.

విమాన వాహక నౌక అంటే నీటి మీద తేలే విమానాశ్రయం. పైన విమానాలు ఎగిరే చదునైన డెక్కు. దాని కింద విమానాలను నిలిపే పెద్ద షెడ్డు, హ్యాంగర్. ఆ కింద వేల గ్యాలన్ల పెట్రోలు, బాంబులు, రాకెట్లు. ఇంకా కిందకు పోతే ఇంజన్లు, బాయిలర్లు. వీటన్నిటి సందుల్లో రెండు మూడు వేల మంది మనుషులు పడుకుంటారు, తింటారు, చీట్లాడుకుంటారు, ఇంటికి ఉత్తరాలు రాసుకుంటారు. దూరంగా ఉన్న శత్రువును కొట్టడంలో ఆ రోజుల్లో దీన్ని మించిన ఓడ లేదు. తన మీదే దెబ్బ పడితే మాత్రం ఇది అగ్గిపెట్టె.

అలాంటి అగ్గిపెట్టెలోకి 1945 మార్చి 2న ఒక లెక్కల మాస్టారు వచ్చి చేరాడు.

ఆయన పేరు జోసెఫ్ తిమోతి ఓకాలహన్. 1905 మే 14న అమెరికాలోని బోస్టన్ నగరంలో, రాక్స్‌బరీ అనే పేటలో పుట్టాడు. ఇంటిపేరే చెబుతుంది, ఐర్లండు మూలాల కుటుంబం. 1922లో, పదిహేడేళ్లకే జేసు సభలో చేరాడు.

జేసు సభ అంటే మన దక్షిణాది వాళ్లకు పరిచయం అక్కరలేదు. 1606లో మదురై చేరి, నాయక రాజుల నాటి ఆ నగరంలో కాషాయం కట్టి, సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చిన రాబర్టో దె నోబిలి ఆ సభవాడే. కోవిల్‌పట్టి దగ్గరి కామనాయక్కన్‌పట్టిలో సేవ చేసి, తమిళులకు వీరమామునివర్ అయిన బెస్కీ ఆ సభవాడే. తిరుచ్చి సెయింట్ జోసెఫ్ కాలేజీ, పాళయంకోట్టై సెయింట్ జేవియర్ కాలేజీ, బెజవాడ ఆంధ్రా లయోలా కాలేజీ అన్నీ వాళ్లు పెట్టినవే. చదువు చెప్పడం ఆ సభకు పూజతో సమానమైన పని. మన ఇళ్లలో ఎంత మందికి ఆ కాలేజీల ఫాదర్ల చేతుల్లో లెక్కలు వచ్చాయో! ఓకాలహన్ కూడా సరిగ్గా ఆ అచ్చులో పోసిన మనిషి. 1934లో గురుపట్టాభిషేకం అయింది. బోస్టన్ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం, తత్వశాస్త్రం చెప్పాడు. ఆ తర్వాత వూస్టర్ అనే ఊళ్లోని హోలీ క్రాస్ కాలేజీలో గణిత విభాగానికి పెద్ద అయ్యాడు.

1940 ఆగస్టు 7న ఆయన నౌకాదళంలో చాప్లెయిన్‌గా చేరాడు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. యూరపులో యుద్ధం రగులుతోంది కానీ అమెరికా ఇంకా అందులో దిగలేదు. ఎవరూ రమ్మని ఒత్తిడి చేయలేదు. నల్లబల్ల ముందు కుదురుగా కాలం గడిపే వీలున్న మనిషి, ఓడెక్కాడు.

చాప్లెయిన్ అంటే సైన్యంలో ఉద్యోగం చేసే మతగురువు. మన సైన్యంలో ధర్మగురువులు ఉన్నట్టే: పండిత్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ. అమెరికాలో చాప్లెయిన్‌కు అధికారి హోదా ఇస్తారు, భుజం మీద పట్టీలు ఉంటాయి, ఆయుధం మాత్రం ఉండదు. 1907 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం, ఓడ శత్రువుకు చిక్కినా అందులోని గురువును, వైద్యుణ్ణి యుద్ధఖైదీలుగా పట్టుకోకూడదు. కథోలిక చర్చి చట్టం కూడా గురువు ఆయుధం పట్టడాన్ని ఒప్పుకోదు. అంటే అంత పెద్ద ఇనుప కోటలో, చంపే పనితో సంబంధం లేకుండా జీతం తీసుకునేవాళ్లు ఇద్దరే, డాక్టరూ ఫాదరూ.

మరి రోజంతా ఏం చేస్తాడు? దివ్యపూజ చేస్తాడు, పాపసంకీర్తనం వింటాడు. అది గంట, రెండు గంటల పని. మిగతా పొద్దంతా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్ల గోడు వినడం. తల్లి జబ్బు, పెళ్లాం ఉత్తరం ఆగిపోవడం, చీట్లలో పోయిన జీతం, రాత్రి నిద్రపట్టని భయం. పై అధికారికి చెప్పుకోలేనిదంతా ఆయనకు చెప్పుకోవచ్చు. ఆయన ఎవరికీ చెప్పడు. వచ్చినవాడు కథోలికుడా, ప్రొటెస్టెంటా, యూదుడా, ఏ దేవుడూ లేనివాడా అని ఆ గది గుమ్మంలో ఎవరూ అడగరు. ఇది చిన్న పని అని ఎవరైనా అనుకుంటే, వెయ్యి మైళ్ల నీటి మధ్య మూడు నెలలు ఉండి చూడాలి.

ఓకాలహన్ మొదట రేంజర్ అనే విమాన వాహక నౌకలో పనిచేశాడు. 1942 నవంబరులో మొరాకో తీరంలో అమెరికా సేనలు దిగినప్పుడు, 1943 అక్టోబరులో నార్వే తీరం మీద జర్మన్ ఓడలపై దాడి జరిగినప్పుడు ఆయన రేంజర్ మీదే ఉన్నాడు. ఆ తర్వాత కొంతకాలం ఒడ్డున ఉద్యోగం. అక్కడి నుంచి ఫ్రాంక్లిన్ అనే మరో విమాన వాహక నౌకకు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన చెల్లెలు రోజ్ మేరీ మేరీనోల్ సభలో మఠకన్య. ఫిలిప్పీన్స్‌లో సేవ చేస్తుండగా జపాన్ సేనలు ఆ దీవులను పట్టుకున్నాయి. ఆమె వాళ్ల నిర్బంధంలో చిక్కుకుంది. ఏళ్ల తరబడి ఆమె జాడ లేదు. చెల్లెలు బతికి ఉందో లేదో తెలియని అన్న, ఆమెను బంధించిన దేశం మీదికి పోతున్న ఓడలో గురువుగా ఉన్నాడు. ఆ ఓడలోని కుర్రాళ్ల కోపతాపాలు వింటూ, వాళ్ల పాపాలకు పరిహారం చెబుతూ ఉన్నాడు. ఆయన మనసులో ఏం తిరిగేదో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఫ్రాంక్లిన్ పొడవు 872 అడుగులు. 1944 జనవరి 31న సేవలో చేరింది. అదే ఏడు అక్టోబరు 30న ఆత్మాహుతి విమానం ఒకటి వచ్చి డెక్కును ఢీకొంటే 56 మంది చనిపోయారు. బ్రెమర్టన్ రేవులో బాగుచేయించుకుని 1945 మార్చిలో మళ్లీ యుద్ధానికి వచ్చింది. కెప్టెన్ లెస్లీ గేరిస్.

మార్చి 18న, ఆ తెల్లారి కూడా, ఫ్రాంక్లిన్ ఉన్న దళం జపాన్ తీరానికి దాదాపు యాభై మైళ్ల దూరంలో ఉంది. రాజపాళయం నుంచి మదురై ఎంత దూరమో, ఇంచుమించు అంతే. అంత దగ్గరికి అంతకు ముందు ఏ అమెరికన్ విమాన వాహక నౌకా పోలేదు. రాత్రంతా ప్రమాద గంటలు మోగుతూనే ఉన్నాయి. మోగినప్పుడల్లా మనుషులు లేచి తమతమ చోట్లకు పరిగెత్తారు. తెల్లారేసరికి అందరూ అలిసిపోయారు. కెప్టెన్ కాస్త సడలింపు ఇచ్చాడు. కొందరు టిఫిన్‌కు బారులు తీరారు, కొందరు పడుకున్నారు. పైన డెక్కు మీద 31 విమానాలు నిండా పెట్రోలు పోసుకుని, రెక్కల కింద బాంబులు, రాకెట్లు తగిలించుకుని ఇంజన్లు వేడెక్కించుకుంటున్నాయి.

మార్చి 19 సోమవారం. కథోలికుల పంచాంగంలో అది పునీత జోసెఫ్ గారి పండుగ. ఓకాలహన్‌కు నామకరణపు పునీతుడు ఆయనే. మంచి మరణం కోసం కథోలికులు ప్రార్థించేదీ ఆ పునీతుణ్ణే. ఇలాంటి కలయికలు రాసేటప్పుడు కలం ఒక క్షణం ఆగుతుంది.

ఫాదర్ కింద, అధికారుల భోజనాల గదిలో టిఫిన్ దగ్గర కూర్చుని ఉన్నాడు.

ఏడు గంటల ఎనిమిది నిమిషాలకు మబ్బుల్లోంచి ఒకే ఒక్క జపాన్ విమానం కిందికి దూకింది. రెండు బాంబులు వేసి పోయింది. ఒకటి డెక్కు నడిమధ్య తూట్లు పొడిచి హ్యాంగర్‌లో పేలింది. రెండోది వెనకవైపు పడింది. హ్యాంగర్‌లో ఉన్నవాళ్లలో దాదాపు ఎవరూ మిగల్లేదు. పైన డెక్కు మీది విమానాలు అంటుకున్నాయి. ఆ తర్వాత ఓడను చంపడానికి శత్రువు అక్కరలేకపోయింది. తన బాంబులే తనలో పేలసాగాయి. రాకెట్లు వాటంతటవే లేచి డెక్కు మీదుగా ఈలలు వేస్తూ దూసుకుపోయాయి. పెట్రోలు మండుతూ మెట్ల మీదుగా కింది అంతస్తులకు కారింది. వైర్‌లెస్ పోయింది, ఇంజన్లు ఆగాయి. ఓడ కుడివైపుకు పదమూడు డిగ్రీలు ఒరిగి, జపాన్ తీరం ముందు కదలకుండా నిలిచిపోయింది.

ఓకాలహన్ చేసిన మొదటి పని గురువు చేసేదే. పవిత్ర తైలం సీసా అందుకున్నాడు. తెల్ల సిలువ గుర్తున్న ఇనుప టోపీ తలకు పెట్టుకున్నాడు. పొగ నిండిన నడవల్లో తడుముకుంటూ గాయపడినవాళ్లను వెతుక్కుంటూ పోయాడు. కాలిన వాళ్ల పక్కన మోకరించాడు. కథోలికులకు అవస్థ అభ్యంగనం ఇచ్చాడు. ఇతరులకు చేయి పట్టుకుని వాళ్ల దేవుడి పేరే చెప్పాడు. ఊపిరి ఉన్నవాళ్లను లేపి, దారి చూపి, పైకి పంపాడు.

ఆ తర్వాత ఆయనా పైకి వచ్చాడు. ఇక్కడి నుంచే ఈ కథ మామూలు గురువు కథల్లోంచి బయటికి అడుగు పెడుతుంది.

డెక్కు మీద మంటలార్పే గుంపులు చెదిరిపోయి ఉన్నాయి. అధికారులు చాలామంది చనిపోయారు, కొందరు గాయపడ్డారు. కుర్రాళ్లు ఎటు పోవాలో తెలియక నిలబడ్డారు. ఓడ ఒరిగి ఉండడంతో పేలని బాంబులు డెక్కు మీద ఇటూ అటూ దొర్లుతున్నాయి. మంట వేడికి ఎర్రబడుతున్నాయి. ఏ బాంబు ఏ క్షణంలో పేలుతుందో ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు నీళ్లు కొట్టి వాటిని చల్లార్చాలి. ముందు నిలిచే మొదటి మనిషి కోసం అందరూ చూస్తున్నారు. లెక్కల మాస్టారు గొట్టం మూతి పట్టుకుని ముందు నిలిచాడు. ఆయన వెనక కుర్రాళ్లు చేరారు. పొగకు ఉక్కిరిబిక్కిరై ఒకరు వెనక్కి తగ్గితే ఇంకొకరు వచ్చారు. ఆయన మాత్రం కదల్లేదు.

అయిదు అంగుళాల ఫిరంగుల కింద గుండ్ల గది ఒకటి వేడెక్కుతోంది. అది పేలితే ఓడ రెండు ముక్కలవుతుంది. ఫాదర్ కొంతమందిని వెంటబెట్టుకుని ఆ గదిలోకి దిగాడు. చేతులు కాల్చే గుండ్లను ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి అందించుకుంటూ సముద్రంలో పారేయించాడు. గదిలోకి నీళ్లు వదిలించాడు. ఆ గొలుసులో తానూ ఒక చెయ్యిగా నిలబడ్డాడు.

ఇది ఆయుధం పట్టడమేనా? ఈ ప్రశ్న వేసుకుని నేను చాలాసేపు తర్కించుకున్నాను. కాదనే నా తీర్పు. ఆ గుండ్లు ఆయన చేతిలోంచి పోయింది మనుషుల మీదికి కాదు, నీళ్లలోకి. ఆ పొద్దున వేల మంది చేతుల్లో ఉన్న ఆయుధాలన్నిటిలో, ఎవరికీ హాని చేయకుండా పోయినవి ఇవే.

ఇంకా ఒక మాట. ఆయన గొట్టం వదిలేసి తైలం సీసా అందుకున్నాడు, సీసా జేబులో పెట్టుకుని మళ్లీ గొట్టం అందుకున్నాడు. పగలంతా ఇదే. చచ్చిపోతున్నవాడి నుదుటి మీద తైలం రాసిన వేళ్లతోనే బతికున్నవాళ్ల కోసం నీళ్లు కొట్టాడు. గురువు పని ఎక్కడ ఆగింది, నావికుడి పని ఎక్కడ మొదలైంది అని గీత గీయబోతే నాకు చేతకాలేదు. ఆయనకూ ఆ గీత కనబడి ఉండదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లు ఎక్కడుంటే అక్కడ ఉండడం గురువు విధి. ఆ విధే ఆయనను మంట మధ్యకు తెచ్చి నిలబెట్టింది. మంట మధ్య నిలబడ్డ మనిషి చేతికి గొట్టం దొరికితే ఏం చేస్తాడు?

ఆనాటి ఫొటో ఒకటి లోకమంతా తిరిగింది. ఒరిగిన డెక్కు మీద పడి ఉన్న నావికుడి మీదికి వంగి, ఇనుప టోపీ పెట్టుకున్న ఫాదర్ ప్రార్థన చెబుతున్నాడు. చూసినవాళ్లంతా ఆ కుర్రాడు చనిపోయాడనే అనుకున్నారు. లేదు, బతికాడు. ముసలితనం దాకా బతికాడు.

కింది అంతస్తులో ఇంకో కథ నడిచింది. డొనాల్డ్ గేరీ అనే లెఫ్టినెంటు, పొగ నిండిన గదిలో చిక్కుకున్న మూడు వందల మందిని గాలి గొట్టాల సందుల్లోంచి దారి కనిపెట్టి మళ్లీ మళ్లీ దిగి పైకి తెచ్చాడు. ఆయన కథకు విడిగా ఒక భాగం కావాలి. ఇక్కడ పేరైనా చెప్పకుండా దాటడం న్యాయం కాదు.

శాంటా ఫే అనే క్రూయిజరు మండుతున్న ఫ్రాంక్లిన్ పక్కకు వచ్చి ఆనుకుని, గాయపడినవాళ్లతో సహా ఎనిమిది వందల మందికి పైగా తన మీదికి ఎక్కించుకుంది. పిట్స్‌బర్గ్ అనే మరో క్రూయిజరు తాడు వేసి లాగింది. మర్నాటికల్లా ఇంజన్లు కదిలాయి. ఓడ సొంత కాళ్ల మీద నడిచింది. ఉలితీ పగడపు దీవి, అక్కడి నుంచి పెర్ల్ హార్బర్, పనామా కాలువ దాటి న్యూయార్క్. పన్నెండు వేల మైళ్లు. 1945 ఏప్రిల్ 28న బ్రూక్లిన్ రేవులో లంగరు వేసింది. అంతగా కాలిపోయి కూడా మునగకుండా ఇల్లు చేరిన అమెరికన్ విమాన వాహక నౌక ఆ యుద్ధంలో మరొకటి లేదు.

ఇల్లు చేరిన సంబరం గురించి పుస్తకాలు ఎక్కువ చెబుతాయి. ఆ మొదటి రోజుల గురించి తక్కువ చెబుతాయి. మంటలు ఆరాక మనుషులను వెతకాలి. కాలిపోయిన గదుల్లోంచి ఒక్కొక్కరినీ బయటికి తేవాలి. పేరు తెలిస్తే రాసుకోవాలి. సముద్రంలోకి జారవిడవాలి. జారవిడిచే ముందు ప్రార్థన చెప్పాలి. ఓకాలహన్, ఓడలోని ప్రొటెస్టెంట్ చాప్లెయిన్, ఇద్దరూ ఆ పని చేశారు. చాలా ఏళ్లు మృతుల లెక్క 724 అని చెప్పుకున్నారు. తర్వాతి పరిశోధనలో అది 800 దాటింది. మన ఊళ్లో ఒక పెద్ద వీధి మొత్తాన్ని ఊహించుకోండి. ఆ వీధిలో ప్రతి ఇంటికీ అదే రోజు కబురు వచ్చిందనుకోండి. ఆ ఏడు ఈస్టరు ఏప్రిల్ 1. అప్పటికి ఆ ఓడ ఇంకా పసిఫిక్ నడుమ ఉంది.

ఒక చేదు సంగతి కూడా రాయాలి. మంటలు తరిమితే సముద్రంలోకి దూకినవాళ్లు, పేలుడుకు ఎగిరి నీళ్లలో పడినవాళ్లు వందల మంది ఉన్నారు. వేరే ఓడలు వాళ్లను రక్షించాయి. కెప్టెన్ గేరిస్ వాళ్లలో చాలామంది మీద ఓడ వదిలి పారిపోయారన్న నింద మోపాడు. ఓడలో చివరిదాకా ఉన్న 704 మందికి విడిగా పేరు పెట్టి గౌరవించాడు. ఆ ఆరోపణలు తర్వాత నిలబడలేదు, నౌకాదళం వాటిని పక్కన పెట్టింది. కానీ ఆ మాట పడ్డవాళ్ల మనసులో అది పక్కకు పోతుందా? ఒక ఓడలో ఒక పగలు, భయపడినవాళ్లనూ భయపడనివాళ్లనూ ఒకే చేత్తో తడిమిన మనిషి ఒకడున్నాడు. ఆయన దగ్గర ఇలాంటి చిట్టా లేదు. నాకు ఆయన పెద్దరికం ఇక్కడ కూడా కనబడుతుంది.

అవతలి ఒడ్డును మరిచి ఈ కథ చెప్పకూడదు. ఫ్రాంక్లిన్ విమానాలు అక్కడికి పోయింది జపాన్ రేవుల మీద బాంబులు వేయడానికే. దానికి తొమ్మిది రోజుల ముందు, మార్చి 9 రాత్రి, అమెరికన్ విమానాలు టోక్యో మీద అగ్ని కురిపిస్తే లక్ష మందికి దగ్గరగా జనం మాడిపోయారు. వాళ్లకు పవిత్ర తైలం రాసినవాళ్లు లేరు, చేయి పట్టుకున్నవాళ్లు లేరు. ఓకాలహన్ తైలం రాసిన కుర్రాళ్లు, టోక్యో వీధుల్లో కాలిన పిల్లలు, ఇద్దరి చర్మమూ ఒకే తీరున కాలింది. ఈ మాట రాయకపోతే ఫాదర్ కథకు నేనే అన్యాయం చేసినవాణ్ణవుతాను.

1946 జనవరి 23న అధ్యక్షుడు ట్రూమన్ ఓకాలహన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ బహూకరించాడు. అది అమెరికాలో అన్నిటికన్నా పెద్ద సైనిక గౌరవం, మన పరమవీర చక్ర లాంటిది. నౌకాదళ చాప్లెయిన్లలో దాన్ని అందుకున్న మొదటివాడు ఆయన. ఆ పురస్కార పత్రంలో గొట్టం పట్టిన సంగతీ, గుండ్లు పారేయించిన సంగతీ ఉన్నాయి. అన్ని మతాలవాళ్లనూ ఓదార్చాడన్న మాట కూడా ఉంది. నాకు ఆ మూడో సంగతి మీదే మమకారం ఎక్కువ.

పతకంతో ఆయన జీవితం మారలేదు. తిరిగి హోలీ క్రాస్ కాలేజీకే వచ్చి తత్వశాస్త్రం చెప్పాడు. కొద్ది ఏళ్లకే పక్షవాతం వచ్చి శరీరం సహకరించడం మానేసింది. అలాగే కష్టపడి, ఫ్రాంక్లిన్ మీద తాను గురువుగా ఉన్న రోజుల గురించి ఒక పుస్తకం రాశాడు. 1956లో అది అచ్చయింది. 1964 మార్చి 18న వూస్టర్‌లో కన్నుమూశాడు. మర్నాడు పునీత జోసెఫ్ పండుగ. ఫ్రాంక్లిన్ కాలిన ఆ పగటికి మర్నాటితో పందొమ్మిదేళ్లు నిండుతాయి. వయసు 58.

చెల్లెలు రోజ్ మేరీ ఆ నిర్బంధం నుంచి బతికే బయటపడింది. 1965లో అమెరికా నౌకాదళం ఒక కొత్త యుద్ధనౌకకు ఓకాలహన్ పేరు పెట్టినప్పుడు, దాన్ని నీళ్లలోకి దించే వేడుక ఆ మఠకన్య చేతుల మీదుగా జరిగింది. ఆ పేరున్న ఓడ కథ మన పొరుగుదాకా వచ్చింది. 1989లో అమెరికా దాన్ని పాకిస్తాన్ నౌకాదళానికి లీజుకు ఇచ్చింది. అక్కడ దాని పేరు అస్లత్ అయింది. 1990లలో తిరిగి ఇచ్చాక తుక్కుగా మార్చారు.

ఇక మా వీధి పెద్దాయనకు.

అయ్యా, మీరు అడిగిన ప్రశ్నకు ఇదీ నా జవాబు. రాజపాళయం పక్కన సత్తిరప్పట్టి ఉందిగదా. ఆ ఊళ్లో మగ్గాలు నేసేది బ్యాండేజీ గుడ్డ. ఆ మగ్గాలు నడిపేవాళ్లు గాయాన్ని చూడరు, రక్తాన్ని చూడరు. ఎక్కడో, ఎవరికో కట్టుకట్టే సమయానికి ఆ గుడ్డ సిద్ధంగా ఉండాలని నేస్తారు. యుద్ధం ఓడలో గురువు పని అలాంటిదే. నెలల తరబడి అతను అక్కడ ఉన్నాడో లేడో కూడా ఎవరికీ గుర్తుండదు. ఒక పొద్దున ఏడు గంటల ఎనిమిది నిమిషాలకు అతను సిద్ధంగా ఉండాలి. ఓకాలహన్ సిద్ధంగా ఉన్నాడు.

వచ్చే వారం ఫాదర్ విన్సెంట్ కపోడానో కథ. ఆయన మేరీనోల్ గురువుల సభవాడు; ఓకాలహన్ చెల్లెలు చేరింది మేరీనోల్ మఠకన్యల సభ. తైవాన్‌లో మిషనరీగా ఉండి, నౌకాదళ చాప్లెయిన్‌గా వియత్నాం వెళ్లి, 1967 సెప్టెంబరు 4న గాయపడిన సైనికుల మధ్యకు నడిచిపోయినవాడు.

చివరగా చదువరులకు ఒక మనవి. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పాతిక లక్షల మంది సైన్యంలో చేరారు. రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు, సాత్తూరు, శివకాశి చుట్టుపక్కల తెలుగు ఇళ్ల నుంచీ పోయినవాళ్లు ఉంటారు. మీ ఇంటి పాత ట్రంకుపెట్టెలో అలాంటి మీ తాతగారి ఉత్తరం గానీ, డిశ్చార్జి పత్రం గానీ, ఫొటో గానీ ఉంటే చెదలు పట్టకముందే బయటికి తీయండి. ఒక ప్రతి తీయించి పత్రిక చిరునామాకు పంపండి. అసలు మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి.